ఒకే నూనె ప్యాకెట్, ఆరు వాదాలు: వాణిజ్యం, అభివృద్ధి గురించి చదవాలంటే ఎవరితో మొదలుపెట్టాలి?

2024 దసరాకి ఏలూరు జిల్లాలో మా బాబాయి వాళ్ళింట్లో అందరం కలిశాం. వంటింట్లో గారెలు వేగుతున్నాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన అక్క నూనె ప్యాకెట్ మూల కత్తిరించి బాండీలో పోస్తూ, నెల తిరక్కుండానే దీని రేటు ఎంత పెరిగిందో చూశారా అని విసుక్కుంది. వాకిట్లో మంచం మీద కూర్చున్న బాబాయికి ఆ మాట వినబడింది. ఆయనకు ఆరెకరాల పామాయిల్ తోట ఉంది. "రెండేళ్ళ తర్వాత గెలలకి మళ్ళీ రేటొచ్చిందమ్మా" అన్నాడు. ఆ రోజు ఆయన ముఖంలో కళ వేరే.

అక్క విసుగుకీ బాబాయి సంతోషానికీ కారణం ఒక్కటే. ఆ సెప్టెంబరు 14 నుంచి కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద దిగుమతి సుంకాన్ని, సెస్సులతో కలిపి, 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. శుద్ధి చేసిన నూనెల మీద 13.75 శాతం నుంచి 35.75 శాతానికి తీసుకెళ్ళింది. మనం ఏటా 1.6 కోట్ల టన్నుల దరిదాపుల్లో వంటనూనె బయటి నుంచి తెచ్చుకుంటున్నాం. వాడకంలో సగానికి పైగా అదే. అందుకే ఢిల్లీలో సుంకం కదిలితే ద్వారకా తిరుమల దగ్గర గెల రేటూ కదులుతుంది, కూకట్‌పల్లిలో ప్యాకెట్ రేటూ కదులుతుంది.

"ఎకనామిక్స్ చదివావు కదరా, ఇది మంచిదా కాదా, నువ్వు చెప్పు" అన్నాడు బాబాయి. నాకు వెంటనే నోరు పెగల్లేదు. మా క్లాసులో రికార్డో ఒక చాప్టర్, ప్రెబిష్ ఒక చాప్టర్, అమర్త్య సేన్ ఇంకో సెమిస్టర్. ఎవరేం చెప్పారో అప్పజెప్పడం నేర్పారు గానీ, ఎదురుగా ఒక సమస్య ఉన్నప్పుడు ఎవర్ని చేతిలోకి తీసుకోవాలో ఎవరూ చెప్పలేదు. గ్రూప్-1కో సివిల్స్‌కో చదివేవాళ్ళూ, ఎంఏలో చేరినవాళ్ళూ, రైతు సంఘాల్లో పనిచేసేవాళ్ళూ నన్ను అడిగేది ఇదే: "ఇంతమంది ఉన్నారు, ముందు ఎవర్ని చదవాలి?" నాకు అర్థమైనంతలో ఈ పామాయిల్ లెక్కతోనే జవాబు చెబుతాను.

రికార్డో: ఒక్క సాయంత్రం చాలు, కానీ ఆ సాయంత్రం తప్పదు

ఏ వాదం వైపు మొగ్గినా ఇంగ్లండ్ ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లో వేసిన లెక్క రాకుండా ముందుకెళ్ళొద్దు. అందులో ఉన్నవి నాలుగంటే నాలుగే అంకెలు. ఏడాదికి సరిపడా ద్రాక్షసారా చేయడానికి పోర్చుగల్‌కి 80 మంది, బట్ట నేయడానికి 90 మంది కావాలి. ఇంగ్లండ్‌కి సారాకి 120 మంది, బట్టకి 100 మంది. రెండింటిలోనూ పోర్చుగల్‌దే పైచేయి. అయినా పోర్చుగల్ 80 మంది చేసిన సారా ఇచ్చి, తాను చేస్తే 90 మంది పట్టే బట్ట తెచ్చుకుంటే లాభం. ఇంగ్లండ్ 100 మంది నేసిన బట్ట ఇచ్చి, తనకు 120 మంది పట్టే సారా తెచ్చుకుంటే లాభం. కాగితం మీద మీరే ఒకసారి వేసి చూడండి. అన్నీ మనమే పండించుకోవాలి, అదే దేశభక్తి అనే వాదం ఎక్కడ తేలిపోతుందో అక్కడ తెలుస్తుంది.

పామాయిల్‌కి ఇది చక్కగా అతుకుతుంది. ఇండోనేషియా, మలేషియా భూమధ్యరేఖ పక్కన ఉన్నాయి, ఏడాది పొడుగునా వాన. మనకి బోరు, డ్రిప్, కరెంటు ఉంటే తప్ప చెట్టు నిలవదు. వాళ్ళు చవగ్గా తీసిన నూనె కొనుక్కుని, మన నీళ్ళు ఇంకో పంటకి పెట్టుకుంటే దేశం మొత్తానికి మేలంటుంది ఈ లెక్క. అక్క పక్షాన నిలబడే వాదం ఇది. మన కాలంలో దీన్ని అందరికంటే గట్టిగా వినిపించిన భారతీయుడు జగదీశ్ భగవతి.

ఈ లెక్క బాబాయి దగ్గరికొచ్చి ఆగిపోతుంది. ఒక చోట పని పోయిన మనిషి ఇంకో పనికి మారిపోతాడని రికార్డో అంకెలు అనుకుంటాయి. పామాయిల్ మొక్క పెట్టాక మొదటి కోతకి నాలుగేళ్ళు ఆగాలి. ఆ తర్వాత పాతికేళ్ళకు పైగా అది అక్కడే ఉంటుంది. ఎకరానికి 57 చెట్లు, త్రికోణం పద్ధతిలో తొమ్మిది మీటర్ల ఎడంతో. రేటు పడిందని వరి రైతు వచ్చే సీజన్‌కి మినుము వేసినట్టు వీటిని మార్చడం కుదరదు. సుంకం ఒక్క రాత్రిలో మారుతుంది, తోట మారదు.

ఫ్రెడరిక్ లిస్ట్, హా-జూన్ చాంగ్: మచిలీపట్నం నుంచి మొదలుపెట్టండి

స్వేచ్ఛా వాణిజ్యం గురించి ఎవరైనా మరీ ఊగిపోతుంటే మచిలీపట్నం గుర్తుచేయండి. కోరమండల్ తీరం అద్దకం బట్టలకి ఇంగ్లండ్‌లో ఒకప్పుడు ఎంత గిరాకీ ఉండేదంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గొడవకు దిగారు. ఇంగ్లండ్ పార్లమెంటు 1700లో చట్టం చేసి మన దేశం నుంచి వచ్చే అద్దకం బట్టల దిగుమతిని ఆపింది. 1721లో వాటిని కట్టుకోవడం మీద కూడా నిషేధం పెట్టింది. వాళ్ళ మిల్లులు నిలదొక్కుకున్నాకే స్వేచ్ఛా వాణిజ్యం పాఠం మొదలైంది.

జర్మన్ ఆర్థికవేత్త లిస్ట్ 1841లో అన్నది ఇదే: నిచ్చెనెక్కి పైకి చేరినవాడు, వెనకవాళ్ళు ఎక్కకుండా ఆ నిచ్చెనను తన్నేస్తాడు. కొరియాలో పుట్టి బ్రిటన్‌లో పాఠాలు చెప్పిన హా-జూన్ చాంగ్ 2002లో ఆ మాటనే పేరుగా పెట్టుకుని పుస్తకం రాశాడు. బ్రిటన్, అమెరికా ఎదిగే రోజుల్లో ఎంతెంత సుంకాలు వేసుకున్నాయో అందులో ఉంటుంది. చదవడానికి హాయిగా ఉంటాడు, గణితం ఉండదు. డిగ్రీ పిల్లలకి నేను చేతిలో పెట్టేది ఎక్కువగా ఈయన్నే.

పామాయిల్ కథలో ఈ వాదానికి అచ్చమైన సాక్ష్యం మలేషియా. 1970ల్లో ఆ దేశం ముడి పామాయిల్ ఎగుమతి మీద పన్ను వేసి, శుద్ధి చేసిన నూనెకి మినహాయింపులిచ్చింది. దాంతో రిఫైనరీలు అక్కడే వెలిశాయి. అదే ఎత్తుకి పైఎత్తు మనం వేస్తున్నాం. 2025 మే 30న కేంద్రం ముడి నూనె మీద సుంకాన్ని 16.5 శాతానికి తగ్గించింది, శుద్ధి చేసినదాని మీద 35.75 శాతం అలాగే ఉంచింది. మధ్యలో 19.25 శాతం తేడా. ఆ తేడాయే కాకినాడ, కృష్ణపట్నం రిఫైనరీలకి ఊపిరి. ముడి నూనె ఓడలో రావాలి, శుద్ధి మన రేవు దగ్గర జరగాలి. ఇది లిస్ట్ చెప్పిన పనే. కాకపోతే మా బాబాయి దృష్టిలో ఇందులో కాపాడింది రిఫైనరీల్ని, తోటల్ని కాదు.

ఈ బాటలో వెళ్ళేవాళ్ళు ఒక ప్రశ్న ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి: కొత్త పరిశ్రమని పసిబిడ్డలా సుంకంతో కాపాడుతున్నాం సరే, ఆ బిడ్డ ఎప్పుడు పెద్దవుతుంది? కొరియా తన కంపెనీలకి చౌక అప్పులు ఇచ్చింది గానీ, ఎగుమతులు చేసి చూపించమంది. చూపించలేనివాళ్ళకి తాళం వేసింది. అక్కడ రక్షణతో పాటు గడువూ ఉంది. మన దగ్గర రక్షణ అడిగేవాళ్ళు గడువు మాట ఎత్తరు. చాంగ్ వాదం చదివి ఉత్సాహపడినవాళ్ళలో నాకు కనిపించే లోటు ఇదే.

ప్రెబిష్, సింగర్, నౌరోజీ: చరిత్రకి మేలు, సలహాకి తక్కువ

1949–50 నాటికి అర్జెంటీనా ఆర్థికవేత్త రౌల్ ప్రెబిష్, ఐక్యరాజ్యసమితిలో పనిచేసిన హాన్స్ సింగర్ విడివిడిగా ఒకే మాటకి వచ్చారు. ముడిసరుకు అమ్మే దేశాలకి, యంత్రాలు అమ్మే దేశాలతో పోలిస్తే, కాలం గడిచేకొద్దీ గిట్టుబాటు తగ్గుతుంది. నిన్న పది బస్తాలకి వచ్చిన యంత్రం రేపు పదిహేను బస్తాలు పెడితే గానీ రాదు. 1964లో వాణిజ్యం, అభివృద్ధి కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన అంక్టాడ్ పుట్టినప్పుడు దానికి మొదటి సెక్రటరీ జనరల్ ప్రెబిషే. మన వాళ్ళలో దాదాభాయ్ నౌరోజీ 1901లో అచ్చు వేసిన పుస్తకంలో మన సంపద బ్రిటన్‌కి ఎంత తరలిపోతోందో లెక్కలు కట్టి చూపించాడు. వలస పాలన, లాటిన్ అమెరికా, ఆఫ్రికా చరిత్ర చదివేవాళ్ళు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

కానీ పామాయిల్ దగ్గర ఈ చట్రాన్ని ఉన్నదున్నట్టు దింపితే తికమక వస్తుంది. ఇక్కడ ముడిసరుకు దేశం ఇండోనేషియా, పెద్ద కొనుగోలుదారు మనం. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు నిషేధించి, దాదాపు మూడున్నర వారాల తర్వాత ఎత్తేసింది. ఆ కొద్ది రోజుల్లో ఇక్కడ వంటిళ్ళలో ఎంత టెన్షన్ పుట్టిందో గుర్తుండే ఉంటుంది. ప్రెబిష్ మాటల్లో చెప్పాలంటే, ముడిసరుకు అమ్మే 'అంచు' దేశం దాన్ని కొనే 'కేంద్ర' దేశాన్ని వణికించిన సందర్భం అది. ప్రెబిష్ వాదం బాగా పనిచేసేది దేశాల మధ్య కంటే మన ఊళ్ళోనే అనిపిస్తుంది నాకు. గెల అమ్మేవాడు, ముడి నూనె తీసేవాడు, ప్యాకెట్ కట్టి బ్రాండ్ వేసేవాడు, ఈ వరసలో రేటు ఊగిసలాట అంతా గెల మీదే పడుతుంది. 2022 మేలో టన్ను గెల 20 వేలు దాటింది. ఏడాది తిరిగేసరికి అందులో చాలా భాగం కరిగిపోయింది. ప్యాకెట్ రేటు అంత త్వరగా ఎప్పుడైనా దిగిందా?

సంస్థల వాదం: కాటా దగ్గర నిలబడితే అర్థమయ్యేది

ఒకసారి బాబాయితో పాటు ట్రాక్టర్‌లో కలెక్షన్ సెంటర్‌కి వెళ్ళాను. గెలలు తెల్లవారుజామున కోశారు, ఎర్రగా పండి పళ్ళు రాలుతున్నాయి. కోసిన గెల 24 గంటల్లో మిల్లుకి చేరకపోతే నూనె నాణ్యత దెబ్బతింటుంది. కాటా దగ్గర క్యూలో మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. ఎండ పెరిగేకొద్దీ బాబాయి రాలిన పళ్ళని గోనె సంచిలోకి ఏరుతూనే ఉన్నాడు. "ఇక్కడ నచ్చకపోతే ఇంకో మిల్లుకి పోవచ్చుగా?" అన్నాను. ఆయన నా వైపు చూసి, "ఈ జోన్‌లో పండింది ఈ మిల్లుకే పోవాలిరా" అన్నాడు.

అది 1993 నాటి ఆయిల్‌పామ్ చట్టం. ఏ ప్రాంతం గెలలు ఏ ఫ్యాక్టరీకి వెళ్ళాలో ముందే గీత గీసి ఉంటుంది. గెల రేటు ముడి నూనె ధర మీద, నూనె దిగుబడి శాతం మీద ఆధారపడి ఉంటుంది. రైతులు ఓఈఆర్ అనేది దాన్నే. ఆంధ్రా రైతులు తెలంగాణ శాతాన్ని చూపించి మాకెందుకు తక్కువ అని అడిగేది ఆ అంకె గురించే. దాన్ని రైతు కొలవలేడు, మిల్లే కొలుస్తుంది. రికార్డో, లిస్ట్ ఇద్దరూ మాట్లాడే మార్కెట్ ఇక్కడ ఏదీ? సుంకం ఎంత ఉన్నా, ఆ లాభం రైతు చేతికి ఎంత చేరుతుందో చెప్పేది ఈ నియమాలే. ఆర్థికశాస్త్రంలో సంస్థలు అనేది ఇలాంటి నియమాల్నే. ఆర్థికవేత్తలు డగ్లస్ నార్త్‌కి 1993లో, అసిమోగ్లు, జాన్సన్, రాబిన్సన్‌లకి 2024లో నోబెల్ వచ్చింది ఈ దారిలో చేసిన పనికే.

ఇంకో ఉదాహరణ. వేరుశనగ రైతుల సభల్లో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) వల్లే పామాయిల్ వచ్చి పడిందని వింటూ ఉంటాం. 1990ల మొదట్లో మనం వంటనూనెల్లో దాదాపు స్వయంసమృద్ధి దగ్గరికి వచ్చిన మాట నిజం. 1986లో మొదలైన నూనెగింజల మిషన్ ఫలితం అది. 1994లో పామోలిన్ దిగుమతిని 65 శాతం సుంకంతో స్వేచ్ఛగా వదిలారు, 1998 నాటికి ఆ సుంకం 15 శాతానికి దిగింది. అనంతపురం వేరుశనగ రైతుకి చౌక నూనెతో పోటీ వచ్చిపడింది. కానీ డబ్ల్యూటీవోలో పామాయిల్ మీద మనం పెట్టుకున్న గరిష్ఠ పరిమితి 300 శాతం. సోయా నూనె మీద 45 శాతమే. అంటే పామాయిల్ విషయంలో చేతులు కట్టేసింది జెనీవాలోని డబ్ల్యూటీవో కాదు, నిర్ణయం ఢిల్లీదే. ఎవరి నిర్ణయమో తెలియకుండా ఎవర్ని నిలదీస్తాం? అందుకే రైతు సంఘాల వాళ్ళకి నేను ముందు ఈ వాదమే చదవమంటాను. అయితే అసిమోగ్లు బృందం వలస పాలన కాలం లెక్కలతో మొదలుపెట్టొద్దు. మన చట్టం, మన జీవోలు, ధర సూత్రం పక్కన పెట్టుకుని నార్త్‌తో మొదలుపెట్టండి.

అమర్త్య సేన్: మనం లెక్కలో వేయని మనిషి కోసం

ఇంతసేపూ అక్క, బాబాయి గురించే మాట్లాడాను. మూడో మనిషి ఉన్నాడు. తోటలో పొడవాటి గొట్టానికి కొడవలి బిగించి, మెడ వెనక్కి వాల్చి, పైనున్న గెలని కోసేవాడు. టన్నుకింత అని అతనికి కూలి. గెల రేటు పెరిగినంత మాత్రాన ఆ కూలి పెరగలేదు. సాయంత్రం కొట్టులో అతను కొనుక్కునే పామాయిల్ ప్యాకెట్ మాత్రం పెరిగింది. సుంకం వల్ల బాబాయి లాభపడ్డాడు, అక్క కొంచెం నష్టపోయి సర్దుకుంది. అతని ఇంట్లో కూరలో పోపు తగ్గింది.

దేశానికి ఎంత లాభం అన్నది కాకుండా, ఎవరు ఏం తినగలుగుతున్నారు, ఏం చేయగలుగుతున్నారు అని అడగడం సేన్ నేర్పుతాడు. 1943 బెంగాల్ కరువులో తిండిగింజలు లేక కాదు, కొనే శక్తి పోయి జనం చనిపోయారని ఆయన 1981లో చూపించాడు. రేషన్ షాపులో పామోలిన్ ప్యాకెట్ ఉండాలా, ఉంటే ఏ ధరకి అనే చర్చ చేసేవాళ్ళకి ఈయన్ని మించినవాళ్ళు లేరు. సంక్షేమం, ఆరోగ్యం, చదువు మీ సబ్జెక్టు అయితే నేరుగా ఇక్కడికి రండి. సుంకం 16.5 ఉండాలా 27.5 ఉండాలా అని మాత్రం సేన్‌ని అడగొద్దు, ఆయన ప్రశ్న అది కాదు. ముందు ఆర్థిక వృద్ధా, సంక్షేమమా అని 2013లో భగవతికీ సేన్‌కీ మధ్య నడిచిన వాదాన్ని కుస్తీ పోటీలా చూసినవాళ్ళు ఇక్కడే పొరబడ్డారు.

డాని రోడ్రిక్: ఒక్కరినే ఎంచుకోమంటే

ఒక్కరినే చదివే తీరిక ఉందంటే నేను చెప్పే పేరు ఇస్తాంబుల్‌లో పుట్టి హార్వర్డ్‌లో చెబుతున్న రోడ్రిక్. రికార్డో లెక్క తప్పని ఆయన అనడు. లాభం ఉంది, కానీ ఆ లాభంలోంచి నష్టపోయినవాడికి ఎవరు, ఎలా ఇస్తారు అంటాడు. బయటి వాణిజ్యానికి ఎక్కువగా తలుపులు తెరిచిన దేశాల్లో ప్రభుత్వాల ఖర్చు కూడా ఎక్కువగానే ఉందని 1998లో చూపించాడు. గాలివాన ఎక్కువ పడే చోట ఇంటికి చూరు పొడుగ్గా ఉన్నట్టు. లోతైన ప్రపంచీకరణ, దేశ సార్వభౌమత్వం, ప్రజాస్వామ్యం మూడూ ఒకేసారి పూర్తిగా దొరకవు, రెండే పట్టుకోగలం అన్న ఆయన మాట పరీక్షల్లో అందరూ రాస్తారు. దానికంటే ఆ నష్టం లెక్కే నాకు ఎక్కువ పనికొచ్చింది.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు బాబాయికి జవాబు చెప్పగలిగింది దాంతోనే. సుంకం అంటే అక్క జేబులోంచీ, గెలలు కోసేవాడి జేబులోంచీ తీసి బాబాయికి ఇవ్వడం. 2021 ఆగస్టులో 11,040 కోట్లతో ఆమోదించిన ఆయిల్‌పామ్ మిషన్‌లో ఇంకో దారి ఉంది. గెలకి భరోసా ధర ఒకటి కడతారు. మార్కెట్ ధర దానికంటే పడితే ఆ తేడాని ప్రభుత్వం రైతు ఖాతాలో వేయాలి. నూనె చవగ్గానే వస్తుంది, రైతూ మునగడు, భారం బడ్జెట్ మీద పడుతుంది. ఖజానా నుంచి డబ్బు సమయానికి వస్తేనే అది పనిచేస్తుంది, సుంకానికి ఆ బెంగ లేదు. నేనైతే రెండో దారికే ఓటు వేస్తాను, సుంకాన్ని మాత్రం నెలకోసారి కాకుండా కొన్నేళ్ళకి ముందే చెప్పి ఉంచాలి. నాలుగేళ్ళు ఆగి పంట చూసే రైతుకి ఆ మాత్రం మాట ఇవ్వాలి.

ఇక మీ సంగతి. పోటీ పరీక్షలవాళ్ళు రికార్డో ఒక సాయంత్రం, చాంగ్ ఒక వారం, రోడ్రిక్ ఒక నెల పెట్టుకోండి, వ్యాసం పేపర్‌కి సరిపోతుంది. ఎంఏ వాళ్ళు రోడ్రిక్‌తో మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి రికార్డోకీ ప్రెబిష్‌కీ వెళ్ళండి. ముందు సిద్ధాంతం, తర్వాత సమస్య అనే వరసలో చదివి నేను రెండేళ్ళు పోగొట్టుకున్నాను. పత్రికల్లో రాసేవాళ్ళు సేన్‌ని వదలొద్దు. ఎవరైనా సరే, చదివేటప్పుడు మీకు బాగా తెలిసిన ఒక్క సరుకు పక్కన పెట్టుకోండి. గుంటూరు మిర్చి, భీమవరం రొయ్య, నిజామాబాద్ పసుపు, ఏదైనా.

అంతా విన్నాక బాబాయి లేచి లోపలికెళ్ళి, ఇనప్పెట్టె మీద ఉన్న పాత డైరీ తెచ్చాడు. మిల్లు ఇచ్చిన కాటా స్లిప్పులు తేదీల వారీగా పిన్ను కొట్టి ఉన్నాయి. "ముందు ఆ ఓఈఆర్ సంగతేదో తేల్చు, నా గెలకి వచ్చే రేటు దాన్ని పట్టే కదా ఉండేది" అన్నాడు. ఇద్దరం కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చున్నాం.